లెక్క అప్పజెప్పిన సన్యాసి: బీడ్

సభకు నమస్కారం. వెనక వరసల దాకా వినపడుతోందా? సరే.

పోస్టరు మీద "బీడ్" అన్న పేరు చూసి నిన్న ఒకాయన ఫోన్ చేశారు. "బీడు భూముల మీదా మాస్టారూ? తప్పకుండా వస్తాను, మాదీ ఒక రెండెకరాలు అలాగే పడుంది" అన్నారు. (నవ్వులు) వచ్చారో లేదో తెలీదు. ఈ బీడ్ మనిషి. ఇంగ్లండుకి ఉత్తరాన టైన్ నది ఒడ్డున జారో అనే చోట క్రైస్తవ మఠంలో ఉండేవాడు. 673 ప్రాంతంలో పుట్టాడు, 735లో పోయాడు. వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజులవి. నన్నయగారు రావడానికి ఇంకా దాదాపు మూడు వందల ఏళ్లుంది.

ఆయన దగ్గరికి వెళ్లే ముందు మా ఇంటి కాగితం ఒకటి చెబుతాను. తాతగారి భోషాణం సర్దుతుంటే ఒక అప్పుపత్రం దొరికింది. ఎవరో ఎవరికో నలభై రూపాయలు ఇచ్చుకున్నారు. తేదీ చూద్దామంటే "రాక్షస నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి" అని ఉంది. అంతే! రాక్షస అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1855లో వచ్చింది, మళ్లీ 1915లో వచ్చింది. మరి ఆ నలభై ఇచ్చింది మా ముత్తాతా, ఆయన తాతా? వారం రోజులు ఇంట్లో ఇదే వాదన. రాసినాయనకి ఏ అనుమానమూ లేదు. ఏ రాక్షసో ఆయనకి తెలుసు. చిక్కంతా తర్వాత చదివేవాళ్లకి.

బీడ్ పుట్టిన నాటికి ఐరోపా అంతటా ఇదే చిక్కు. రోమన్లకి పన్నుల కోసం పుట్టిన పదిహేనేళ్ల చక్రం ఒకటుండేది, దాన్ని ఇండిక్షన్ అంటారు. పోపుగారు ఉత్తరం రాస్తే ఫలానా చక్రవర్తి ఏలుబడిలో ఎన్నో ఏడు, ఇండిక్షన్‌లో ఎన్నో ఏడు అని వేసేవారు. బ్రిటన్‌లో అన్నీ చిన్న చిన్న రాజ్యాలు, ఏ రాజు లెక్క ఆ రాజుదే. జారో చర్చి ప్రతిష్ఠ నాటి శిలాఫలకం ఇప్పటికీ ఆ చర్చిలోనే గోడకి ఉంది. దాని మీద ఏముందంటే, ఎజ్‌ఫ్రిత్ రాజు ఏలుబడిలో 15వ ఏడు, మఠాధిపతి చేల్‌ఫ్రిత్ హయాంలో 4వ ఏడు. మనం దాన్ని 685 ఏప్రిల్ 23 అని చదువుకుంటున్నాం. సరిగ్గా నెల తిరక్కుండానే, మే 20న, ఆ ఎజ్‌ఫ్రిత్ రాజు ఉత్తరాన ఇప్పటి స్కాట్లండులో ఉండే పిక్ట్ జాతివాళ్ల మీదికి దండెత్తి వెళ్లి అక్కడే చచ్చిపోయాడు. లెక్క మళ్లీ ఒకటి దగ్గర మొదలు! అప్పటికి బీడ్‌కి పన్నెండేళ్లు ఉంటాయి. ఆ రాయి కింద నిలబడి ప్రార్థనలు చేస్తూ పెరిగిన పిల్లాడు పెద్దయ్యాక లోకానికి ఏళ్లు లెక్కపెట్టడం నేర్పాడు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఏడో ఏట బంధువులు ఆయన్ని మఠంలో వదిలిపెట్టారు. ఎందుకు, తల్లిదండ్రులెవరు అన్నది ఆయన రాసుకోలేదు. "ఏడేళ్లప్పుడు నన్ను మఠాధిపతికి అప్పగించారు, అప్పట్నుంచీ ఇక్కడే" అని ఒక్క వాక్యంతో తేల్చేశాడు. ఆ మఠం కట్టించినాయన బెనెడిక్ట్ బిస్కప్. కాళ్లకి బలపం కట్టుకుని రోమ్ చుట్టూ తిరిగిన మనిషి. వెళ్లినప్పుడల్లా పుస్తకాలు, పటాలు మోసుకొచ్చేవాడు. కిటికీలకి గాజు పలకలు బిగించడం బ్రిటన్‌లో ఎవరికీ రాదని గాల్ దేశం నుంచి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ నుంచి, పనివాళ్లని రప్పించాడు. ఈ గాజు సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది. బీడ్ మాత్రం గడప దాటని మనిషి. మహా అయితే లిండిస్‌ఫార్న్, యార్క్ దాకా వెళ్లి ఉంటాడు. బిస్కప్ తిరిగిన తిరుగుడంతా ఈయన కూచుని చదువుకోవడానికే అన్నట్టు కుదిరింది. రెండు వందలకు పైగా గ్రంథాలు ఆ మఠంలో ఉండేవని పండితుల అంచనా. ఆ కాలానికి, ఆ మూలకి, అది చాలా పెద్ద సంఖ్య.

686లో జారోకి మహమ్మారి వచ్చింది. రోజుకి ఏడుసార్లు, వంతులు వంతులుగా కీర్తనలు పాడాలి. పాడగలిగినవాళ్లంతా పోయారు. మఠాధిపతి చేల్‌ఫ్రిత్, ఒక చిన్న పిల్లాడు, ఇద్దరే మిగిలారు. ఇద్దరితో ఎందుకులే అని, వంత పల్లవులు మానేసి ఒట్టి కీర్తనలు మాత్రం ఒక వారం లాగించారు. వారానికి చేల్‌ఫ్రిత్‌కి ఏడుపు ఆగలేదు. ఇలా కాదు, పూర్తిగానే పాడదాం అన్నాడు. కొత్తవాళ్లు తయారయ్యేదాకా పెద్దాయన ఒక వైపు, పిల్లాడు ఒక వైపు నిలబడి మొత్తం పాడారు. చేల్‌ఫ్రిత్ చరిత్ర రాసిన పేరు తెలియని మఠవాసి చెప్పిన సంగతి ఇది. ఆ పిల్లాడు ఇప్పుడు ఇదే మఠంలో మతగురువుగా ఉన్నాడు అని కూడా అన్నాడు. ఆ పిల్లాడు బీడే అని ఎక్కువమంది నమ్మకం. నాకూ అదే నమ్మాలని ఉంది.

ఇదే చేల్‌ఫ్రిత్ తర్వాత మూడు బృహత్ బైబిళ్లు రాయించాడు. వాటిలో ఒకటి మొత్తంగా మిగిలింది. ప్రస్తుతం ఇటలీలో, ఫ్లోరెన్స్ గ్రంథాలయంలో ఉంది. వెయ్యికి పైగా చర్మపు ఆకులు, 34 కిలోల బరువు. దానికి అయిదు వందలకు పైగా దూడల తోళ్లు పట్టి ఉంటాయని లెక్క. 716లో ముసలాయన దాన్ని పోపుగారికి స్వయంగా ఇస్తానని బయల్దేరి దారిలోనే, ఫ్రాన్స్‌లో లాంగ్ర్ దగ్గర కన్నుమూశాడు. ఆయన వెళ్లిపోతున్నాడని తెలిసినప్పుడు బీడ్ సమూయేలు గ్రంథం మీద వ్యాఖ్యానం రాస్తున్నాడు. మనసు చెదిరి కలం ఆగిపోయిందని ఆ వ్యాఖ్యానంలోనే రాసుకున్నాడు. సొంత గోడు ఎక్కడా చెప్పుకోని మనిషి చెప్పుకున్న ఒకే ఒక్క గోడు అనుకుంటాను అది.

ఇక అసలు లెక్కలు. ఈస్టర్ ఎప్పుడు? మన ఊళ్లలో క్రైస్తవ సోదరులు ఏటా క్యాలెండరు చూసుకుంటారు కదా, క్రిస్మస్‌లాగా తేదీ ఒకటే ఉండదు. వసంత విషువత్తు తర్వాత వచ్చే పున్నమి, ఆ పున్నమి తర్వాత వచ్చే ఆదివారం. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ వారాన్నీ, మూడింటినీ ఒక తాటి మీదికి తేవాలి. పంచాంగం తెలిసినవాళ్లకి ఈ తంటా చెప్పక్కర్లేదు, మనం అధికమాసం వేసుకునేది అందుకే. 19 సౌర సంవత్సరాలు దాదాపు 235 చాంద్రమాసాలకి సమానం. పందొమ్మిది పన్నెండ్లు 228, పైన ఏడు అధికమాసాలు. తేదీలూ వారాలూ మళ్లీ అదే వరసలో కలవడానికి 28 ఏళ్లు పడుతుంది. ఈ 19ని ఆ 28తో గుణిస్తే 532. అన్నేళ్లకి ఈస్టర్ తేదీలు మొదటికి వస్తాయి. బీడ్ 725లో రాసిన కాలగణన గ్రంథం ఈ లెక్కనంతా విప్పి చెబుతుంది.

లెక్క తప్పితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. జారో ఉన్న నార్తంబ్రియా రాజ్యానికి రాజు ఓస్వియు ఐరిష్ సన్యాసుల పద్ధతి పాటించేవాడు, రాణి ఏన్‌ఫ్లెడ్ కెంట్ నుంచి తెచ్చుకున్న రోమన్ పద్ధతి పాటించేది. ఒక్కో ఏడు రాజుగారు ఉపవాసాలు ముగించి పండగ భోజనం చేస్తుంటే, రాణిగారు ఇంకా ఈస్టర్‌కి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గరే ఉండేది! ఒకే ఇల్లు, ఒకే వంటశాల. ఏటా పండగ ఇవాళా రేపా అని రెండు పంచాంగాలు పెట్టుకుని కొట్టుకునే మనం నవ్వడానికి లేదు. (నవ్వులు) 664లో విట్బీలో సభ పెట్టి రాజు రోమన్ లెక్క వైపు తీర్పిచ్చాడు. రోమన్ లెక్క పేతురుదట, స్వర్గం తాళం చెవులు ఆయన దగ్గర ఉన్నాయంటున్నారు, నేను పోయినప్పుడు తలుపు తీయకపోతే ఎలా అన్నాడట. బీడ్ ఇది రాస్తూ రాజు నవ్వాడనో నవ్వలేదనో ఏమీ అనడు.

(ముందు వరసలోంచి ఒక ప్రశ్న)

మాస్టారు అడుగుతున్నారు, మరి క్రీస్తు శకం బీడే కనిపెట్టాడా అని. లేదండీ. 525లో రోమ్‌లో డయొనీసియస్ ఎక్సిగుస్ అనే సన్యాసి ఈస్టర్ పట్టికలు వేస్తూ, క్రైస్తవులని హింసించిన డయొక్లీషియన్ చక్రవర్తి పేరిట ఏళ్లు లెక్కపెట్టడమేమిటని, క్రీస్తు అవతరించిన ఏడాది నుంచి లెక్క వేశాడు. అది పట్టికలోనే ఉండిపోయింది. దాన్ని పట్టికలోంచి బయటికి తెచ్చి, ఒక జాతి చరిత్ర మొత్తానికి వెన్నెముకగా నిలబెట్టింది బీడ్. 731లో ముగించిన "ఇంగ్లీషు జాతి మత చరిత్ర", అయిదు భాగాలు. కెంట్ రాజు చావు, మెర్సియా యుద్ధం, రోమ్ ఉత్తరం, అన్నీ ఒకే వరసలోకి వచ్చాయి. క్రీస్తుకి ముందు ఎన్నేళ్లు అని కూడా ఒకచోట వాడాడు. జూలియస్ సీజర్ బ్రిటన్‌కి వచ్చింది అవతారానికి ముందు 60వ ఏట అని. నిజానికి 55. ముందువాళ్ల పుస్తకంలో ఉన్న తప్పు ఆయనకీ అంటింది. ఆ పుస్తకాన్ని ఐరోపా అంతా రాసుకుంది, దాంతోపాటు లెక్కా పాకింది. మన చరిత్ర పుస్తకాల్లో శాసనం మీది శకవర్షం పక్కన కుండలీకరణంలో క్రీ.శ. అని వేస్తాం చూడండి, ఆ అలవాటు దారి పట్టుకుని వెనక్కి నడిస్తే జారో దగ్గరికి చేరతాం. తమాషా ఏమిటంటే "శకం" అన్న మాట మాత్రం మనదే.

కాలగణన గ్రంథం మొదటి అధ్యాయం దేని గురించో తెలుసా? వేళ్లతో లెక్కపెట్టడం. ఎడమ చేతి మీద 99 వరకు, కుడి చేతి మీద వందలు, వేలు, రెండు చేతులూ కలిపి 9999 వరకు. ముప్పై అంటే ఇదిగో, బొటనవేలి కొస, చూపుడువేలి కొస ఇలా మెల్లగా ముద్దు పెట్టుకున్నట్టు కలపాలి. పదివేలు దాటితే చేతులు గుండె మీదికి, నాభి మీదికి, తొడ మీదికి పోతాయి. పైగా దీంతో గుట్టుగా మాట్లాడుకోవచ్చని కూడా రాశాడు. లాటిన్ అక్షరాలకి వరస సంఖ్యలు వేసుకుని 3, 1, 20, 19, 5, తర్వాత 1, 7, 5 అని వేళ్లు చూపిస్తే "కౌతె అగె", అంటే "జాగ్రత్త" అని. పక్కన దుర్మార్గులున్నప్పుడు స్నేహితుణ్ణి హెచ్చరించడానికట! మఠంలో పిల్లలకి పాఠం చెబుతున్న మాస్టారి గొంతు నాకు అక్కడ వినిపిస్తుంది.

సముద్రం ఆటుపోట్ల సంగతి ఇంకా బాగుంటుంది. పోటు రోజూ నిన్నటికంటే సుమారు 48 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని, అది చంద్రుడి ఆలస్యంతో సరిపోతుందని లెక్క వేశాడు. ఇప్పటి లెక్కలో అది దాదాపు 50 నిమిషాలు. అంతకంటే పెద్ద మాట ఒకటి చెప్పాడు. సముద్రమంతా ఒకేసారి పొంగుతుందని పూర్వులు రాశారు గానీ అది తప్పు, మా తీరంలోనే ఒకచోట పోటు ఉండగా ఇంకోచోట ఆటు ఉంటుంది, ప్రతి రేవుకీ దాని వేళ దానికి ఉంటుంది అని. ఇది పుస్తకంలో దొరికేది కాదు. పడవ దిగి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి అడిగితే తెలిసేది. భూమి బంతిలా అన్ని వైపులా గుండ్రంగా ఉంటుంది, డాలులా చక్రంగా మాత్రమే కాదు అని కూడా విడమరిచి రాశాడు. మధ్యయుగాల్లో అందరూ భూమి బల్లపరుపు అనుకున్నారన్న మాట ఇంకా కొన్ని పాఠాల్లో కనిపిస్తుంది, దాన్ని ఇక వదిలేద్దాం.

లెక్కల వల్ల ఆయన మీద ఒక నింద కూడా పడింది. సృష్టి జరిగి క్రీస్తు నాటికి 5199 ఏళ్లని అప్పటి ప్రసిద్ధమైన లెక్క. లోకం ఆరువేల ఏళ్లే ఉంటుందని జనంలో నమ్మకం. అంటే 801 ప్రాంతంలో సరి! బీడ్ హెబ్రీ మూలం ప్రకారం కూడి 3952 అన్నాడు. దాంతో బిషప్ విల్ఫ్రిడ్ విందులో ఎవరో బీడ్ మతద్రోహి అన్నారు. 708లో ఆయన రాసిన జవాబు చదివితే ఒళ్లు మండిన బీడ్ కనిపిస్తాడు. తాగిన మొరటువాళ్ల నోట నా పేరు నలుగుతోందా అంటాడు. లోకం ఇంకా ఎన్నేళ్లుంటుందని అడిగేవాళ్లంటే తనకి విసుగని కూడా అన్నాడు. ఆయన లెక్కకి ఆరువేలు కట్టి చూడకండి, 2048 వస్తుంది. (నవ్వులు) అలా కట్టొద్దని చెప్పడానికే ఆయన ఉత్తరం రాసింది.

బైబిలు మీద ఆయన వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి. ఆయన దృష్టిలో అవే తన అసలు పని. నేను వాటిలో మునిగినవాణ్ణి కాదు, కాబట్టి ఒక్క విషయం చెప్పి దాటేస్తాను. లూకా సువార్త వ్యాఖ్యానంలో ఏ మాట అగస్టీన్‌దో, ఏది ఆంబ్రోస్‌దో, ఏది జెరోమ్‌దో, ఏది గ్రెగరీదో తెలిసేలా అంచుల్లో వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు వేశాడు. పెద్దల మాటలు దొంగిలించి తనవిగా చెప్పుకుంటున్నాననే అపవాదు రాకూడదని. ప్రతులు రాసేవాళ్లు ఈ గుర్తులు వదిలేయొద్దని బతిమాలాడు కూడా. చాలామంది వదిలేశారు. కొన్ని ప్రతుల్లో మిగిలాయి. ఇంకొకటి, అపొస్తలుల కార్యముల మీద కుర్రతనంలో రాసిన వ్యాఖ్యానాన్ని సవరిస్తూ ముసలితనంలో వేరే పుస్తకమే రాశాడు, గ్రీకు ప్రతి దగ్గర పెట్టుకుని, ఇక్కడ నేను పొరబడ్డాను అని.

చరిత్ర గ్రంథం ముందుమాటలోనూ అదే తీరు. రాజు చేల్‌వుల్ఫ్‌కి రాస్తూ, ఇది నాకెవరు చెప్పారని మీకు అనుమానం రావచ్చు, అందుకని చెబుతున్నాను అంటాడు. కెంట్ సంగతులు మఠాధిపతి ఆల్బినస్ చెప్పాడు. లండన్ మతగురువు నోతెల్మ్ రోమ్ వెళ్లి, పోపు అనుమతితో అక్కడి దస్త్రాలు వెతికి, పాత ఉత్తరాల నకళ్లు తెచ్చిచ్చాడు. వెసెక్స్ గురించి బిషప్ డేనియల్ రాసి పంపాడు. ఇలా రాజ్యం రాజ్యానికీ పేర్లు. ఎనిమిదో శతాబ్దంలో!

ఈ పుస్తకంలో నాకిష్టమైనది కేడ్మన్ కథ. విట్బీలో హిల్డ అనే మఠాధిపతురాలి దగ్గర ఒక పశువుల కాపరి. విందుల్లో హార్ప్ అనే తీగల వాద్యం చేతులు మారుతూ వస్తుంది, ఎవరి వంతు వస్తే వాళ్లు పాడాలి. ఈయనకి పాట రాదు. హార్ప్ తన దగ్గరికి వస్తోందనగానే లేచి ఇంటికి పోయేవాడు. ఒక రాత్రి అలాగే లేచిపోయి, ఆ రోజు కాపలా తనదే కాబట్టి పశువుల కొట్టంలో పడుకున్నాడు. కలలో ఎవరో వచ్చి "కేడ్మన్, ఏదైనా పాడు" అన్నారు. "రాదనే కదా లేచి వచ్చేశాను" అన్నాడు. "అయినా నాకోసం పాడాలి." "ఏం పాడను?" "సృష్టి ఎలా మొదలైందో పాడు." పాడాడు. బీడ్ దాని భావం లాటిన్‌లో ఇచ్చి, ఇది భావమే గాని మాటల వరస కాదు, ఎంత మంచి కవిత్వమైనా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మాటకి మాట దింపితే అందం పోతుంది అన్నాడు. ఆయన వదిలేసిన ఇంగ్లీషు పాటని ప్రతులు రాసినవాళ్లు అంచుల్లో, చివరి పేజీల్లో ఎక్కించారు. ఇవాళ ఇంగ్లీషు సాహిత్య చరిత్ర చాలాచోట్ల ఆ తొమ్మిది పాదాలతోనే మొదలవుతుంది.

ఆయన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. వెల్ష్ వాళ్ల పూర్వీకులు, బ్రిటన్లంటే ఆయనకి గిట్టదు. చెస్టర్ యుద్ధంలో, ప్రార్థన చేయడానికి వచ్చిన బాంగోర్ మఠవాసులు సుమారు 1200 మందిని ఎతెల్‌ఫ్రిత్ రాజు నరికించాడు. ఆ రాజు అప్పటికి క్రైస్తవుడే కాదు, చచ్చినవాళ్లు క్రైస్తవ సన్యాసులు. అయినా బీడ్ వాళ్లని నమ్మకద్రోహులన్నాడు, కాంటర్‌బరీ బిషప్ అగస్టీన్ (ఇందాకటి అగస్టీన్ కాదు, వేరే ఆయన) చెప్పిన జోస్యం ఫలించిందన్నాడు. ఆ పుట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పోయినవాళ్లకీ పాడాల్సిన కీర్తనలు ఉన్నాయి కదా.

735 వసంతం. ఈస్టర్ ముందు నుంచి ఆయాసం. అయినా రోజూ పాఠం చెబుతూనే ఉన్నాడు. చివరి రోజుల సంగతి శిష్యుడు కత్‌బర్ట్ ఒక స్నేహితుడికి ఉత్తరంలో రాశాడు. రెండు పనులు చేతిలో ఉన్నాయి. ఒకటి యోహాను సువార్తని ఇంగ్లీషులోకి తేవడం. "ఇంతమందికి ఇవి ఏమాత్రం" అన్న చోటు దాకా వచ్చిందని కత్‌బర్ట్ రాశాడు, అయిదు రొట్టెలు, రెండు చేపల దగ్గర. రెండోది ఇసిడోర్ అనే పాత పండితుడి గ్రంథం నుంచి కొన్ని భాగాలు. నేను పోయాక నా పిల్లలు అబద్ధం చదవకూడదు అన్నాడట.

బుధవారం మధ్యాహ్నం పెట్టె తెప్పించాడు. "నా దగ్గర విలువైనవి కొన్ని ఉన్నాయి" అని మఠంలోని గురువులకి పంచాడు. ఏమున్నాయి? మిరియాలు, చేతిరుమాళ్లు, కాస్త సాంబ్రాణి. మిరియాలు! అవి అప్పట్లో మలబారు తీరాన కాసేవి. అక్కడి గింజలు ఎన్ని చేతులు మారి, ఎన్ని రేవులు దాటి ఆ చలి మూలకి చేరాయో. గడప దాటని మనిషి పెట్టెలో మన దక్షిణాది సరుకు.

సాయంత్రం విల్‌బెర్ట్ అనే కుర్రాడు "గురువుగారూ, ఇంకొక్క వాక్యం మిగిలింది" అన్నాడు. "రాసుకో" అన్నాడు. కాసేపటికి "సమాప్తమైనది" అన్నాడు కుర్రాడు. "నిజం చెప్పావు, సమాప్తమైనది" అన్నాడు ఈయన. తల పట్టుకోమని, రోజూ ప్రార్థన చేసే చోటికేసి తిప్పి నేల మీద కూర్చోబెట్టమన్నాడు. అలాగే పాడుతూ పోయాడు.

తర్వాత సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఆ ఉత్తరం రాసిన కత్‌బర్టే పిమ్మట మఠాధిపతి అయ్యాడు. 764లో జర్మనీలోని మైంజ్ నుంచి లుల్ అనే బిషప్, బీడ్ అస్థికలకి కప్పడానికి పట్టుబట్ట పంపి, ఆయన పుస్తకాల నకళ్లు అడిగాడు. కత్‌బర్ట్ కొన్ని పంపాడు. ఈ చలికాలం మా దీవిని మంచు, గాలివానలు బాగా పీడించాయి, రాయసగాళ్ల చేతులు ఆడలేదు, అందుకే అన్నీ పంపలేకపోయాను అన్నాడు. ఉత్తరం చివర్లో రెండు కోరికలు కోరాడు. గాజు పాత్రలు చేసేవాడెవడైనా ఉంటే పంపండి, మాకు ఆ పని రాదు అన్నాడు. బిస్కప్ గాజు పనివాళ్లని తెచ్చి అప్పటికి తొంభై ఏళ్లు. రెండోది, హార్ప్ వాయించేవాణ్ణి ఒకణ్ణి పంపండి. వాద్యం నా దగ్గర ఉంది, వాయించేవాడే లేడు, ఈ కోరిక విని నవ్వకండి అన్నాడు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక్కి ఇవ్వండి బాబూ.